కుక్కకి ఎముక కేన్సర్ అన్నారు: కాలు తీయించాలా, మందులతో నెట్టుకురావాలా?

మా గున్న ఎడమ ముందుకాలు కుంటడం మొదలుపెట్టింది సంక్రాంతికి నాలుగు రోజుల ముందు. ఎనిమిదేళ్ల లాబ్రడార్, 36 కిలోలు. గోడ దూకినప్పుడు బెణికి ఉంటుందనుకున్నాం. మా ఊళ్లో చూపిస్తే డాక్టరు గారూ అదే మాట అని నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు రోజులు బాగానే తిరిగాడు, మళ్లీ కుంటాడు. మా అమ్మ సున్నం, పసుపు కలిపి పట్టు వేసింది. అలా మూడు వారాలు గడిచిపోయాయి. మణికట్టుకి కాస్త పైన నిమ్మకాయంత గట్టి వాపు నా చేతికి తగిలిన రోజున ఎక్స్‌రే తీయించాం. ఎముక అంచు చెదలు తిన్న తలుపు చెక్కలా కనిపించింది.

ఆ తర్వాత ఇలాంటి కబురే విన్నవాళ్లు ముగ్గురు నన్ను అడిగారు. ఒకరు గుణుపూర్ నుంచి, ఇద్దరు పర్లాకిమిడి నుంచి. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: "కాలు తీయించేయాలా?" ఫోన్‌లో చెప్పడానికి కుదరనిదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఒడిశాలోని రాయగడ నుంచి విశాఖపట్నానికి కుక్కను కారులో వేసుకుని ఏడెనిమిది సార్లు తిరిగినవాణ్ణి, అంతే.

ముందు అది ఏ కేన్సరో తేలాలి

కేన్సర్ అనగానే ఒకటే జబ్బు అనుకుంటాం. మన వీధికుక్కలకు జననాంగాల దగ్గర వచ్చే అంటుగడ్డ ఉంది చూడండి, అదీ కేన్సరే. వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలామటుకు పూర్తిగా పోతుంది. కాలి చర్మం కింద, కండలో వచ్చే గడ్డలు కొన్ని నెమ్మదిగా పెరుగుతాయి, ఊపిరితిత్తులకు పాకడం తక్కువ. వాటిలో కొన్నింటికి గడ్డ ఒక్కటి తీస్తే సరిపోతుంది, కాలు జోలికి పోనక్కర్లేదు. ఎముకలో పుట్టే ఆస్టియోసార్కోమా దారి వేరు. కుక్కల ఎముక గడ్డల్లో సుమారు 85 శాతం ఇదే. పెద్ద జాతి కుక్కల్లో ఎక్కువ. ముందుకాలైతే మణికట్టు పైన గానీ భుజం దగ్గర గానీ, వెనక కాలైతే మోకాలి చుట్టుపక్కల వస్తుంది.

దీని గురించి ఒక్క సంగతి బుర్రలో గట్టిగా పెట్టుకోవాలి. వాపు కంటికి కనపడే వేళకే నూటికి 90 కుక్కల్లో కేన్సర్ కణాలు ఒంట్లో వేరే చోటికి చేరిపోయి ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రేలో మాత్రం పది, పదిహేను శాతం కుక్కల్లోనే కనిపిస్తాయి. అంటే "లంగ్స్ క్లియర్" అని రాశారంటే అక్కడ ఏమీ లేదని కాదు, ఇంకా కంటికి ఆనలేదని.

కాబట్టి కాలు గురించి ఆలోచించే ముందు మూడు పనులు కావాలి. గడ్డలోంచి సూదితో కణాలు తీయించి పరీక్ష చేయించడం, అది తేలకపోతే బయాప్సీ, అంటే చిన్న ముక్క కోసి చూడటం, ఎందుకంటే ఎముకలో ఇన్‌ఫెక్షన్ పట్టినా, ఫంగస్ పట్టినా ఎక్స్‌రేలో కొంత ఇలాగే ఉంటుంది. ఛాతీకి కుడి పక్క, ఎడమ పక్క, వెల్లకిలా మూడు ఎక్స్‌రేలు. మూడోది రక్తపరీక్ష, అందులో ప్లేట్‌లెట్లు తప్పకుండా. మన వైపు ఈ మూడోదే ముఖ్యం. మన కుక్కలకి పిడుదులు పట్టడం మామూలు, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అది చూడకుండా కత్తి పెడితే రక్తం ఆగదు. గున్నకి అదీ ఉంది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టి, ప్లేట్‌లెట్లు పెరిగాక గానీ ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. ఆ పదిరోజులూ నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. వాడు మాత్రం వీధి గేటు దగ్గర మూడు కాళ్ల మీదే నిలబడి పాలవాడి మీద అరుస్తూనే ఉన్నాడు.

నాలుగు దారులు, రెండు లెక్కలు

నొప్పి ఒక లెక్క. ఎన్నాళ్లు బతుకుతాడన్నది ఇంకో లెక్క. మనం ఈ రెండింటినీ కలిపేసి చూస్తాం, అందుకే తేల్చుకోలేం. కాలు తీయడం నొప్పి కోసం. కీమో, అంటే కేన్సర్ కణాల్ని చంపే మందు ఎక్కించడం, ఇంకొన్నాళ్లు బతకడం కోసం. "కాలు తీసినా బతకడట కదా, మరెందుకు తీయించడం" అని మా పక్కింటి ఒడియా మౌసీ అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పులేదు, ఎన్నాళ్లు బతుకుతాడన్న లెక్క ఒక్కటే చూసుకుంటే.

కుక్క కుంటుతోందంటే దానికి నొప్పి ఉన్నట్టే. అరవదు, మూలగదు, తోక కూడా ఊపుతుంది. ఎముకను లోపలి నుంచి తొలిచే నొప్పి మందులకు లొంగడం కష్టం. ఆ నొప్పంతా కాలిలోనే ఉంది కాబట్టి కాలు పోతే అదీ పోతుంది. గున్నను చూసిన సర్జన్ గారు నాతో అన్న మాట ఇది: "కాలు పోయిందని వాడు ఏడవడండి. ఏడ్చేది మీరే."

మందులతోనే నడపడం అన్నది మొదటి దారి. మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు, దానికి తోడు గాబాపెంటిన్. కొన్ని చోట్ల ఎముక అరుగుదల తగ్గించే జోలెడ్రోనేట్ సెలైన్‌లో ఎక్కిస్తారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు నెట్టుకురావచ్చు. ఇది చవక దారి, ప్రయాణాలు తక్కువ, పైకి చూడటానికి మెత్తగా కనిపిస్తుంది. కానీ దీంట్లో ఒక పెద్ద గొయ్యి ఉంది. కేన్సర్ తిన్న ఎముక మంచం దిగేటప్పుడు కూడా పుటుక్కున విరగొచ్చు. విరిగితే అతకదు. ఆ రోజే కాలు తీయాలి, లేదా ఆ రోజే శాశ్వతంగా నిద్రపుచ్చాలి. విశాఖలో ఉన్నవాళ్లకు అది అరగంటలో తేలే పని. రాయగడలో రాత్రి పదకొండింటికి విరిగితే? కొమరాడ, పార్వతీపురం, బొబ్బిలి దాటుకుంటూ నాలుగైదు గంటలు విరిగిన కాలుతో కారులో కుక్క. పట్నంలో ఉన్నవాళ్లకు ఈ దారి ఎంత నెమ్మదో, మనకి అంత ప్రమాదం. నేను దీన్ని వద్దనుకోవడానికి అసలు కారణం ఇదే, ధైర్యం గియిర్యం ఏమీ కాదు.

ఈ దారిలోనే వెళ్లాల్సి వస్తే మెట్లు ఎక్కనివ్వకండి, గెంతనివ్వకండి. మనం వాడే బ్రూఫెన్, వోవెరాన్ లాంటి బిళ్లలు ఒక్కటి కూడా సొంతంగా వేయొద్దు, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. మెలాక్సికామ్ నడుస్తుండగా ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తామంటే ఆపి, ముందు ఏ మందు నడుస్తోందో చెప్పండి.

కాలు తీయించి ఊరుకోవడం రెండో దారి. నొప్పి పోతుంది. సగటున నాలుగైదు నెలలు బతుకుతాయి, ఏడాది దాటేవి నూటికి పది, పన్నెండు. కాలు తీయించి కీమో కూడా ఇప్పించడం మూడోది. అప్పుడు సగటు పది నుంచి పన్నెండు నెలలకు వెళ్తుంది, సగానికి దగ్గరగా ఏడాది చూస్తాయి, నూటికి ఇరవై దాకా రెండేళ్లు కూడా దాటతాయి. సగటు అంటే సగం కుక్కలు అంతకు ముందే పోతాయని కూడా అర్థం, అది మరిచిపోకండి. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటే ఈ అంకెల్లోంచి కొంత తగ్గించుకోవాలి.

నాలుగో దారి, నొప్పి ముదరకముందే నిద్రపుచ్చడం. దీన్ని ఎవరూ దారి అనరు, ఓడిపోవడం అంటారు. నేను అలా అనను. ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించి ఆయాసం మొదలైన కుక్కకి, రెండు తుంట్లూ అరిగిపోయి లేవలేని కుక్కకి, ఆపరేషన్‌కి తీసుకెళ్లే దారే లేని ఇంటి కుక్కకి ఇది మిగతా మూడింటికన్నా దయగల పని కావచ్చు. ముందు మత్తు ఇచ్చి, నిద్రపోయాక రెండో ఇంజెక్షన్ చేసే డాక్టర్నే అడగండి.

రేడియేషన్ గురించి, కాలు ఉంచి ఎముక ఒక్కటే మార్చే ఆపరేషన్ గురించి యూట్యూబ్‌లో చూసి ఆశపడతాం. కుక్కలకి అవి చేసే చోట్లు మన దేశంలోనే బహు అరుదు. వాటి కోసం వెతుకుతూ వారాలు పోగొట్టుకోవద్దు. మా బాబాయి "జైపూర్ కాలు పెట్టించొచ్చు కదరా" అన్నాడు. కేన్సర్‌కి కాలు తీసేటప్పుడు మొండి మిగల్చరు బాబాయ్ అని చెప్పాల్సి వచ్చింది. ముందుకాలైతే తరచుగా భుజం రెక్కతో సహా తీస్తారు, వెనకదైతే తుంటి దగ్గరికి. కొంచెం మిగిలిస్తే అది ఊగుతూ అన్నింటికీ తగిలి పుండు పడుతుంది. తగిలించడానికి ఏమీ ఉండదు, తగిలించాల్సిన అవసరమూ రాదు.

మూడు కాళ్లతో నడవగలడా

చాలామటుకు నడుస్తాడు. నిజానికి చాలా కుక్కలు అప్పటికే మూడు కాళ్ల మీద నడుస్తూ ఉంటాయి, నాలుగోది మోసుకు తిరుగుతుంటాయి. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది, అందుకని ముందుకాలు పోతే అలవాటు పడటానికి ఇంకాస్త సమయం పడుతుంది. అయినా పడతాయి. సర్జన్ గారిని మిగతా మూడు కాళ్ల కీళ్లు, తుంటి, వెన్ను చూడమనండి. అక్కడ అరుగుదల ఉంటేనే ఆలోచించాలి. వయసు ఒక్కటే అడ్డు కాదు. లావు మాత్రం పెద్ద అడ్డు. గున్నకి డాక్సీసైక్లిన్ నడిచిన పదిరోజుల్లో పెరుగన్నం సగానికి తగ్గించాం, వాడు ఖాళీ గిన్నెని వంటింటి గడప దాకా నెట్టుకొచ్చి మా అమ్మ కాళ్ల దగ్గర పడేసేవాడు.

ఎక్కడికి తీసుకెళ్లాలి

అందరూ "మంచి సర్జన్ ఎక్కడున్నాడు" అని వెతుకుతారు. నేనూ అదే చేశాను. కాలు తీయడం అనుభవమున్న సర్జన్‌కి కొత్త పని కాదు. అసలు అడగాల్సింది తిరిగి తిరిగి వెళ్లగలిగే చోటు ఏది అని. ఆపరేషన్‌కి ఒకసారి, 10 నుంచి 14 రోజులకి కుట్లు తీయడానికి ఒకసారి, కీమో అయితే మూడు వారాలకోసారి నాలుగు నుంచి ఆరు సార్లు.

రాయగడ నుంచి విశాఖ దగ్గర, దాదాపు 200 కిలోమీటర్లు. భువనేశ్వర్ దాదాపు రెట్టింపు. అక్కడ ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయం పశువైద్య కళాశాల ఉంది. బరంపురం వాళ్లకి అదే నయం. పర్లాకిమిడి వాళ్లు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలని ముందు ఫోన్‌లో కదపండి, దగ్గర పడుతుంది. కాలేజీల్లో ఖర్చు ప్రైవేటుకన్నా తక్కువ, కానీ కుక్కని రాత్రి ఉంచుకుంటారో లేదో, సర్జన్ ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కోవాలి. ప్రైవేటులో రాత్రి మనిషి ఉంటాడా, గ్యాస్ మత్తు ఇస్తారా, ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏమేం వాడతారు అని అడగండి. మూడో ప్రశ్నకు "ఒక ఇంజెక్షన్ చేస్తాం" అన్న చోట నేను ఫోన్ పెట్టేశాను. ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే, అక్కడిదాకా వెళ్లి వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది.

రైలా, కారా? రాయగడ నుంచి విశాఖకి రైళ్లున్నాయి, కానీ కుక్కను మనతో కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ దొరకాలి. స్లీపర్‌లో, టూటైర్, త్రీటైర్ ఏసీల్లో ఒప్పుకోరు. మిగిలింది గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్. కుట్లున్న కుక్కని అందులో పడేసి మనం వేరే బోగీలో కూర్చోవడం కుదరని పని. కారే. వెనక సీటు మీద పరుపు వేసి, కాలు తీసిన పక్క పైకి ఉండేలా పడుకోబెట్టాం. ఎండాకాలంలో తెల్లవారుజామున మూడింటికి బయల్దేరేవాళ్లం.

మొదటి రెండు వారాలు

ఎవరూ సరిగ్గా చెప్పని భాగం ఇదే. మూడో రాత్రి నేను తప్పు చేశానని ఏడ్చాను. గున్న పడుకోడు, ఒగురుస్తాడు, ఒక్కసారిగా కెవ్వున అరిచి లేని కాలి వైపు చూస్తాడు. పొద్దున ఫోన్ చేస్తే గాబాపెంటిన్ మోతాదు మార్చారు. నరం నొప్పట, ఆ అరుపు నాలుగైదు రోజుల్లో తగ్గింది. ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు రోజులు దొడ్డికి వెళ్లకపోవడం మామూలే. కుట్ల కింద నీటి బుడగలా మెత్తగా ఊగే వాపు వస్తే ఫోటో పంపండి, తరచుగా అదే ఇంకిపోతుంది. ఎర్రబడి వేడిగా ఉంటే, చీము కారితే, తిండి మానేస్తే ఆగకండి.

అసలు శత్రువు ఇంట్లోని నేల. మా హాల్లో టైల్స్. మొదటి రోజు గుమ్మం దాటగానే ఉన్న ఒక్క ముందుకాలూ జారి గడ్డం నేలకి కొట్టుకుంది. ఆ సాయంత్రమే బియ్యం కొట్టు నుంచి ఇరవై గోనె సంచులు తెచ్చి, విప్పి, ఒకదానికొకటి దబ్బనంతో కుట్టి, పడకనుంచి పెరటి గుమ్మం దాకా దారిలా పరిచాం. పాదాల కింద వేళ్ల మధ్య వెంట్రుకలు కత్తిరించాం, గోళ్లు తీశాం. నీళ్ల గిన్నె రెండు ఇటుకల మీద పెట్టాం, ముందుకాలు లేనివాడు మరీ కిందికి వంగితే ముక్కు మీద పడతాడు. ఎత్తడానికి అమ్మ పాత నేత చీరని నాలుగు మడతలు చేసి ఛాతీ కింద నుంచి తీసి పైన పట్టుకునేవాళ్లం. వారం తర్వాత ఆ చీర చూస్తేనే పారిపోయేవాడు.

మెట్లు ఎక్కడం తొందరగా వచ్చింది, దిగడం నెల పట్టింది. వెనక కాలు పోయిన కుక్కలకి ఇది తలకిందులు. ఇంట్లో మేం ఎప్పుడో నేర్పిన సరదా ఒకటి ఉండేది, చేయి చాపితే ఎడమ కాలు ఇచ్చేవాడు. పన్నెండో రోజు మా అబ్బాయి పొరపాటున చేయి చాపాడు. గున్న కూర్చున్నాడు, కుట్లున్న చోట కండ ఒక్కసారి ఎగిరింది. మళ్లీ ఎగిరింది. తర్వాత ముక్కు తెచ్చి అరచేతిలో పెట్టాడు.

కీమో మన ఊరి నుంచి కుదురుతుందా

కుక్కలకి కీమో మనుషులకిచ్చినంత కఠినంగా ఉండదు. మోతాదే అలా కడతారు, జుట్టు కూడా చాలా జాతులకి పెద్దగా రాలదు. కార్బోప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించి అదే రోజు ఇంటికి పంపేస్తారు. తర్వాత రెండు మూడు రోజులు మూత్రం, మలం చేతి తొడుగులతో ఎత్తాలి, ఇంట్లో గర్భిణులూ చిన్నపిల్లలూ దూరంగా ఉండాలి.

మన చిక్కు వేరే. మందు ఎక్కించాక సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అట్టడుగుకి పడతాయి. ఆ రోజుల్లో జ్వరం 103 దాటి కుక్క నీరసపడితే అది ఎమర్జెన్సీ. అప్పుడు విశాఖ డాక్టరు అక్కడ, మనం ఇక్కడ. అందుకే కీమోకి ఒప్పుకునే ముందు మీ ఊళ్లోనే ఒక డాక్టరుతో మాట్లాడి, ఆ తేదీలు ఆయన క్యాలెండర్‌లో రాయించండి, ఇవ్వాల్సిన మందుల పేర్లు విశాఖ నుంచి చీటీ మీద తెచ్చివ్వండి. అలా చూసే మనిషి దొరకకపోతే, డబ్బు ఉన్నా నేను కీమో వద్దనే అంటాను.

మేం ఐదు అనుకుని మూడు ఇప్పించాం. నాలుగోదానికి వెళ్లే వారం ప్లేట్‌లెట్లు పెరగలేదు, పైగా ఏప్రిల్ ఎండ. ఆపేశాం. తప్పు చేశామా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ మే, జూన్ నెలల్లో వాడు నాగావళి ఒడ్డున ఇసుకలో గొయ్యి తవ్వాలని చూసి, ఒక్క కాలితో తవ్వలేక, ముక్కుతో తవ్వి తుమ్ముకుంటూ తిరిగాడు.

కాబట్టి నన్నడిగితే, ఊపిరితిత్తులు క్లియర్‌గా ఉండి, మిగతా కాళ్లు గట్టివై, ఒకటి రెండుసార్లే వెళ్లగలిగితే కాలు తీయించి ఊరుకోండి. స్థానికంగా చూసే డాక్టరు, కారు, ఆరుసార్లకు సరిపడా సెలవులు, డబ్బు ఉంటే కీమో కలపండి. లోపల మచ్చలు కనిపించాయా, మందులూ, నిద్రపుచ్చడానికి ఒక తేదీ. ఆ తేదీ ఎప్పుడు వచ్చినట్టో ముందే ఇంట్లో అందరూ కూర్చుని అనుకోండి. మేం మూడు గుర్తులు పెట్టుకున్నాం: వరుసగా రెండు పూటలు తినకపోవడం, గేటు దగ్గరికి వెళ్లకపోవడం, పడుకుని ఉన్నా ఆయాసం.

వినాయక చవితికి వారం ముందు పొడి దగ్గు మొదలైంది. ఎక్స్‌రే తీయించలేదు, ఏముందో తెలుసు. నాలుగో రోజు పాలవాడు వచ్చి గేటు కొట్టినా గున్న తల ఎత్తలేదు. మా ఊరి డాక్టరు గారికి ఫోన్ చేశాను, మొదట బెణుకన్న ఆయనే. సాయంత్రం ఇంటికొచ్చి, గోనె సంచుల మీద వాడి పక్కనే కూర్చుని చేశారు. పెరట్లో పనసచెట్టు కింద పెట్టాం. ఆ నేత చీర ఉతికి గుణుపూర్ పంపాను, అక్కడ ఒక జర్మన్ షెపర్డ్‌కి వెనక కాలు తీసి అప్పటికి ఐదు రోజులు.